బోర్డింగు మూసేశాక

కోస్తా జిల్లాల్లోని ఒక పట్నంలో నూరేళ్ళు దాటిన మిషన్ గర్ల్స్ హైస్కూలు ఉంది. ఊరి పేరు, స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు. అలాంటి స్కూళ్ళు మన చుట్టూ ఇంకా చాలా ఉన్నాయి. రాతిగోడలు, ఎత్తయిన వరండాలు, ఆవరణలో పాత వేపచెట్లు, గేటు మీద ఇంగ్లీషులో ఒక దొరసాని పేరు. కిందటేడు దాకా గేటు పక్కన బోర్డు మీద 'బోర్డింగ్ అండ్ డే' అని రెండు మాటలూ ఉండేవి. ఇప్పుడు మొదటి మాట మీద తెల్లసున్నం పూశారు. స్కూలు నడుస్తూనే ఉంది, రంగులు కూడా వేశారు. పొద్దున్నే ఆటోలు, వ్యాన్లు వచ్చి పిల్లల్ని దించుతాయి, సాయంత్రం తీసుకెళతాయి. బోర్డింగు మాత్రం లేదు.

ఆ బోర్డింగులో ఉండి తొమ్మిదో తరగతి పూర్తి చేసిన ఒక అమ్మాయి తల్లి మా సంఘం మీటింగుకి వచ్చింది. వాళ్ళది పడమటి మెట్ట ప్రాంతం. సంక్రాంతి వెళ్ళగానే పల్లెకు పల్లె మిరపకాయల కోతకి వలస పోతుంది. మళ్ళీ ఉగాదికో ఆ తర్వాతో వస్తారు. సరిగ్గా పదో తరగతి పరీక్షల రోజులవి. ముసలివాళ్ళూ మేకలూ తప్ప పల్లెలో ఎవరూ ఉండరు. "బడి ఉంది గదా అంటారక్కా. బడుంటే సరిపోద్దా? పొద్దుగూకాక పిల్ల ఏడ పడుకోవాల?" అని అడిగింది. పిల్లని వెంట తీసుకుపోతే చేలో మిరపకాయలు కోస్తుంది. వదిలి పోతే ఒంటరిగా ఉంటుంది. ఈ రెంటికీ భయపడే వాళ్ళకి బంధువులు చెప్పే మార్గం మూడోది, సంబంధం చూడమని. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. తెలంగాణలో 23 శాతం దాటింది. బాల్య వివాహాల మీద మనం పెట్టిన సభలకీ, వేసిన కరపత్రాలకీ లెక్కలేదు. కానీ ఈ తల్లి అడిగింది పెళ్ళి గురించి కాదు. ఒక మంచం, మూడు పూటలా తిండి, రాత్రి చదువుకోవడానికి లైటు, తలుపుకి లోపల గడియ. అంతే.

ఈ సంచికలో ఆ నాలుగింటి గురించే మాట్లాడదామనుకుంటున్నాం. అందుకు కొంచెం వెనక్కి వెళ్ళాలి. బోర్డింగు ఎవరి కోసం పుట్టిందో మర్చిపోతే, దాన్ని మూసేయడం వల్ల ఎవరు నష్టపోతున్నారో కనిపించదు.

తెలుగు దేశంలో ప్రొటెస్టెంటు మిషన్లు చదువు మొదలుపెట్టిన తీరు అంతటా ఒకటిగా లేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ఇంగ్లీషు స్కూలు పెట్టినప్పుడు ఆయన దృష్టి అగ్రవర్ణాల మగపిల్లల మీద ఉంది. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళ వెంట వస్తారని ఆయన లెక్క. ఒంగోలులో కథ వేరే దారి పట్టింది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చినప్పుడు ఊళ్ళో బ్రాహ్మణులు, కోమట్లు తమ పిల్లలకి చదువు చెప్పమన్నారు. ఆయన చెప్పాడు. అదే కాలంలో తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ అనే మాదిగ దంపతులు క్రైస్తవం తీసుకున్నారు. వాళ్ళ వెనక వాళ్ళ జనం రావడం మొదలైంది. అప్పుడు ఊరి పెద్దలు వచ్చి, వీళ్ళని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమన్నారు. ఏం చేయాలో తోచక ఆ రాత్రి తానూ తన భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందనీ, అది దేవుడు నీచులుగా ఎంచబడినవారినే ఎంచుకున్నాడని చెప్పే భాగమనీ క్లౌ తన జీవిత కథలో చెప్పుకున్నాడు. అది దైవసంకల్పమా కాకతాళీయమా అన్నది మన చర్చ కాదు. మాదిగల్ని చేర్చుకున్నారు, పెద్దల పిల్లలు వెళ్ళిపోయారు. తెలుగు నేల మీద కులం ఒక తరగతి గదిని ఖాళీ చేసిన సందర్భాల్లో ఇంత స్పష్టంగా రాతలో మిగిలినవి తక్కువ.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్య మాత్రం అందరికీ తెలుసు. ఈనాటికీ కొందరు దాన్ని అన్నం కోసం అమ్ముడుపోవడమని వెక్కిరిస్తారు. చెప్పులు కుట్టి, తోళ్ళు ఊనేవాళ్ళకి అన్నం ఎవరు పెట్టకపోవడం వల్ల ఆ పరిస్థితి వచ్చిందో మాత్రం అడగరు. మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వేలమందిలో ఆడపిల్లల మాటేమిటి?

మిషన్ స్కూళ్ళలో 'డే' అన్న మాటకీ, 'బోర్డింగు' అన్న మాటకీ మధ్య తేడా ఇంటికి వెళ్ళడం, వెళ్ళకపోవడం అనుకుంటాం. మొదట్లో అది కులం తేడా. దక్షిణాదిలో చాలా మిషన్లు 'కాస్ట్ గరల్స్ స్కూల్' అని విడిగా నడిపేవి. అగ్రవర్ణ హిందువుల ఆడపిల్లలు పగలు వచ్చి నాలుగు అక్షరాలు, కుట్టుపని నేర్చుకుని ఇంటికి పోయేవాళ్ళు. కొందరికైతే దొరసానులే ఇళ్ళకెళ్ళి చెప్పేవారు. బోర్డింగులో ఉండేది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లలు. వాళ్ళకి పల్లెలో బడి లేదు. ఊళ్ళో బడి ఉన్నా గడప తొక్కనివ్వరు. పట్నంలో అద్దెకి ఇల్లు దొరకదు, మంచినీళ్ళ బావి దగ్గరికి రానివ్వరు. అందుకని ఆవరణలోనే పాక వేసి, అక్కడే బావి తవ్వి, అక్కడే వండి పెట్టారు. బోర్డింగు అంటే అంటరానితనానికి కట్టిన ప్రహరీ. లోపల ఉన్నవాళ్ళకి అది రక్షణ, బయటున్నవాళ్ళకి తమ బావి మైలపడకుండా ఒక ఏర్పాటు. తర్వాత తర్వాత హైస్కూళ్ళుగా మారాక ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అయినా 'బోర్డింగు పిల్లలు' అన్న మాటలో ఎత్తిపొడుపు పోలేదు. నూనె కారే జడలు, ఒకే తానులో కుట్టిన గౌన్లు, స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా నుంచి వచ్చిన పాలపొడి, గోధుమరవ్వ ఉప్మా. ఆ ఉప్మా వాసన గురించి డే స్కాలర్లు చేసే హాస్యం విని పెరిగిన స్త్రీలు మన సంఘాల్లోనే ఉన్నారు. అడిగితే చెబుతారు. మనమే అడగలేదు.

ఒంగోలు మిషన్‌కి సంబంధించి మన పత్రిక పాఠకులకి ఆసక్తి కలిగించే ఒక విశేషం ఉంది. 1880లలో అక్కడికి మిషనరీగా వచ్చిన ఎమ్మా రౌషెన్‌బుష్, తర్వాత క్లౌని పెళ్ళాడింది. ఆమె బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకుంది. విషయం మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, స్త్రీల హక్కులు. ఆ పుస్తకం 1898లో అచ్చయింది. మరుసటి ఏడాది, 1899లో, ఒంగోలు మాదిగల జీవితాల మీద, వాళ్ళు చెప్పిన కథల మీద ఇంకో పుస్తకం వేసింది. దాని పేరుకి అర్థం 'చెప్పులు కుడుతూ ఉండగా'. యూరప్ స్త్రీల హక్కుల తల్లి మీద పరిశోధన చేసిన మనిషి, ఒంగోలు మాదిగ పల్లె అరుగుల మీద కూర్చుని ముసలివాళ్ళ మాటలు రాసుకుంది. మన స్త్రీవాద చరిత్రల్లో ఆమె పేరు ఎక్కడైనా కనిపించిందా? మాకు గుర్తు లేదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో రాసిన పుస్తకంలో బోర్డింగు స్కూళ్ళని గట్టిగా వ్యతిరేకించింది. అక్కడ పిల్లలు దుర్మార్గం, దొంగబుద్ధులు నేర్చుకుంటారనీ, ఇంటి దగ్గర ఉంటూ పగలు బడికి వెళ్ళడమే మేలనీ, ఆడా మగా కలిసి చదవాలనీ ఆమె వాదన. ఇంగ్లండు మధ్యతరగతి పిల్లల విషయంలో ఆమె అన్నది సబబే కావచ్చు. వాళ్ళకి వెళ్ళడానికి ఇల్లుంది, ఆ ఇంట్లో దీపముంది. తల్లి పొలంలో, తండ్రి పాలేరుతనంలో, ఇంటికి తలుపే లేని పిల్లకి 'పగలు బడి, రాత్రి ఇల్లు' అన్న ఏర్పాటు ఎంతవరకు పనికొస్తుంది? హక్కు అనేది అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా కాదని మనం తరచూ అంటుంటాం. ఇక్కడ దాన్ని చూడొచ్చు.

అలాగని బోర్డింగుని స్వర్గం చేసి చూపించడం మా ఉద్దేశం కాదు. మిషన్లు ఆడపిల్లలకి చదువు చెప్పింది ఎందుకు? ఆ మాట వాళ్ళే దాచుకోకుండా రాసుకున్నారు. బోధకులకి తగిన భార్యలు కావాలి, క్రైస్తవ కుటుంబాలు నిలబడాలి. అమ్మాయిల చేత రుబ్బించారు, వండించారు, తోటపని చేయించారు, అల్లికలు నేర్పారు. ఉత్తరాలు విప్పి చదివాకే ఇచ్చేవారు. చెవులకీ ముక్కులకీ ఉన్నవి తీయించారు. పల్లె పాటలు, జాతర, అమ్మోరి కొలుపు అంతా సైతాను పనిగా నేర్పారు. తల్లి పాడే పాటకి కూతురు సిగ్గుపడేలా చేయడం కూడా ఒక హింసే. పెళ్ళి సంబంధాలు దొరసాని కుదిర్చేది. పితృస్వామ్యానికి తెల్ల గౌను తొడిగారని ఎవరైనా అంటే కాదనలేం.

అల్లికల సంగతి ఒక్క నిమిషం. గోదావరి జిల్లాల్లో మిషనరీ స్త్రీలు క్రైస్తవ స్త్రీలకి నేర్పిన లేసు అల్లిక, ముందు నాలుగు రాళ్ళు సంపాదించుకునే దారిగా మొదలై, తర్వాత ఎగుమతి వ్యాపారమైంది. నర్సాపురం లేసు స్త్రీల మీద మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజంతా అల్లే స్త్రీని 'ఖాళీగా కూర్చున్న ఇల్లాలు' అని పిలవడం వల్లే ఆమెకి కూలి ఇవ్వకుండా ఎగుమతిదారులు ఎలా లాభపడ్డారో ఆ పుస్తకం చూపించింది. కుట్టుపనిని 'ఆడవాళ్ళ గుణం'గా నేర్పిన తరగతి గదికీ, ప్రపంచ మార్కెట్టుకీ మధ్య దారం ఎక్కడా తెగలేదు. మన స్వయం సహాయక బృందాలకి ఈనాటికీ కుట్టుమిషన్లే ఎందుకు ఇస్తున్నారో ఆలోచించేవాళ్ళు ఆ పుస్తకం తప్పక చదవాలి.

అయినా ఒక విచిత్రం జరిగింది. బోధకుడి భార్యగా ఉండమని చదివించిన పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, హెడ్‌మిస్ట్రెస్‌లయ్యారు. జీతం తెచ్చుకున్నారు. ఒంటరిగా బతకడం, పెళ్ళి చేసుకోకుండా ఉద్యోగం చేయడం అనేవి సాధ్యమని వాళ్ళు చూసింది పెళ్ళికాని దొరసానుల్లోనే. అగ్రవర్ణ వితంతువుకి బయటికి రావడమే గగనమైన రోజుల్లో, ఒక మాదిగ అమ్మాయి తెల్లచీర కట్టుకుని, చేతిలో గడియారంతో ఆసుపత్రి వార్డులో నడిచింది. దళిత క్రైస్తవ కుటుంబాల్లో ఈ మూడు నాలుగు తరాల టీచరమ్మల పరంపర లేకపోతే, ఇవాళ దళిత స్త్రీల ఉద్యమంలో మాట్లాడుతున్న గొంతుల్లో ఎన్ని వినిపించేవి?

మనం రాసుకున్న స్త్రీ విద్య చరిత్ర ధవళేశ్వరంలో 1874లో వీరేశలింగం పెట్టిన బాలికల పాఠశాలతో మొదలై, 1881 డిసెంబరు 11న జరిపించిన మొదటి వితంతు వివాహం మీదుగా సాగుతుంది. ఆ కృషిని తక్కువ చేయడం లేదు. కానీ అదే దశాబ్దంలో ఒంగోలు, నెల్లూరు, గుంటూరు మిషన్ ఆవరణల్లో పలక పట్టిన పల్లె పిల్లలు ఆ చరిత్రలో లేరు. వాళ్ళు క్రైస్తవులనీ, 'అది మిషనరీల చరిత్ర' అనీ పక్కన పెట్టేశాం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, చరిత్ర రాసేవాళ్ళు ఎవర్ని వదిలేస్తారో మనకి తెలిసొచ్చింది. ఆ ప్రశ్నని మన వైపు కూడా తిప్పుకోవాలి. గుర్రం జాషువా గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు టీచరుగా పనిచేశారన్నది సాహిత్య చరిత్రకి తెలుసు. ఆ కాలంలో మిషన్ బోర్డింగుల్లో చదువుకున్న ఆడపిల్లల పేర్లు ఎక్కడున్నాయి? చర్చి రిజిస్టర్లలో, స్కూలు అడ్మిషన్ పుస్తకాల్లో ఉన్నాయి. చెదలు పట్టకముందే వెళ్ళి చూడాలి.

పేర్లంటే గుర్తొచ్చింది. 1985 జులైలో కారంచేడు మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళ చెరువులో మురికి కలుపుతుంటే అడ్డుకున్న కుర్రవాడిని కొట్టబోతే, బిందె ఎత్తి నిలబడిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, ఆరుగుర్ని చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ఆ రోజుకి ముందు రోజు ఒక ఆడమనిషి బిందె ఉంది. సువార్త అంటే శుభవార్త. నూరేళ్ళ కిందట ఆ జిల్లా పల్లెల్లోకి వచ్చిన మాట అది. అందుకే ఆ పేరు పెట్టుకున్నారు. అలాగే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకి ఎదురు తిరిగిన స్త్రీల వెనక రాత్రిబడి వాచకం ఉంది. ఆడవాళ్ళు చదువుకోవడానికి ఒకచోట చేరితే ఏమవుతుందో ఈ నేలకి తెలుసు. ఒకచోట చేరడం, రాత్రిపూట చేరడం, ఇంటి బయట చేరడం. బోర్డింగులో జరిగింది కూడా అదే.

పేరు గురించే ఇంకో సంగతి. దళిత క్రైస్తవ పిల్లలకి చాలామందికి రెండు పేర్లుంటాయి. చర్చిలో ఒకటి, స్కూలు రిజిస్టరులో ఒకటి. ఇంట్లో రాణి సువర్ణ, బళ్ళో లక్ష్మి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళకి షెడ్యూల్డు కులాల హోదా లేదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరించారు. క్రైస్తవులకి, ముస్లింలకి సవరించలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుల్ని బీసీ-సీలో వేసి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టవద్దంది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఈ కాగితాలన్నిటి కింద పదమూడేళ్ళ అమ్మాయి ఉంది. ఏ పేరు చెప్పాలో, మెడలో శిలువ తీయాలో ఉంచాలో ప్రతి ధరఖాస్తుకీ ఆలోచించుకుంటూ ఉంది. మిషన్ బోర్డింగులో ఆ ఒక్క ప్రశ్న ఉండేది కాదు. చిన్న విషయంగా కనిపిస్తుంది, అనుభవించినవాళ్ళకి కాదు.

మరి ఇవాళ బోర్డింగులు ఎందుకు మూతపడుతున్నాయి? డబ్బు లేదంటారు, అది నిజమే. 1959లో మొదలైన జర్మనీ సంస్థ కిండర్‌నోథిల్ఫె వంటివి దశాబ్దాల పాటు మన దేశంలో చర్చి హాస్టళ్ళలోని పిల్లలకి 'స్పాన్సర్' పద్ధతిలో ఖర్చులిచ్చాయి. పిల్ల ఫోటో ఒక దొరింటికి వెళ్ళేది, క్రిస్మస్‌కి ఒక ఉత్తరం రాయించేవారు. ఎవరో తెలియని మనిషికి కృతజ్ఞత రాయడంలో ఉన్న చిన్నతనాన్ని ఆ పిల్లలే చెప్పాలి. ఆ ఏర్పాటు క్రమంగా సన్నగిల్లింది. విదేశీ విరాళాల చట్టం 2010లో కొత్తగా వచ్చింది, 2020 సవరణతో ఇంకా బిగుసుకుంది. ఒక సంస్థకి వచ్చిన విరాళం ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, పాలనా ఖర్చు 20 శాతం మించకూడదు. వార్డెను జీతం, వంటమనిషి జీతం ఏ లెక్కలో రాయాలో మన ఎన్జీవోల్లో అకౌంట్లు రాసేవాళ్ళకి తెలిసిన బాధే. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ దేశం విడిచి వెళ్ళిపోయినప్పుడు లక్షకు పైగా పిల్లలకి వచ్చే సాయం ఒక్కసారిగా ఆగింది.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది ఇంకో దెబ్బ. 1854 వుడ్స్ డెస్పాచ్ నాటి నుంచి మిషన్ స్కూళ్ళు గ్రాంటు మీద నడిచాయి. ఎయిడెడ్ టీచరు పోస్టులు ఖాళీ అయితే నింపకుండా ఏళ్ళ తరబడి వదిలేశారు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఆస్తులతో సహా అప్పగించండి, లేదంటే ఎయిడెడ్ సిబ్బందిని మాకిచ్చి ప్రైవేటుగా నడుపుకోండి అంది. విశాఖలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ నవంబరులో నిర్ణయం వెనక్కి తీసుకోవడానికి యాజమాన్యాలకి అవకాశం ఇచ్చారు. ఆ మూణ్ణాలుగు నెలల్లోనే ఎన్నో చోట్ల టీచర్లు కదిలిపోయారు, తల్లిదండ్రులు టీసీలు తీసుకున్నారు.

కానీ అంతా డబ్బే కాదు. మేము చెప్పిన స్కూలు ఆవరణ రోడ్డు వైపు భాగంలో దుకాణాలు కట్టారు. పాత భోజనశాల పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు. ఇంగ్లీషు మీడియం ఫీజులు కట్టే డే స్కాలర్లు పెరిగారు. ఫీజు కట్టలేని బోర్డింగు పిల్ల లెక్కల పుస్తకంలో నష్టం కింద కనిపిస్తుంది. యాజమాన్య కమిటీలో ఉన్నవాళ్ళు కూడా ఒకప్పటి బోర్డింగు పిల్లల కొడుకులే, మనవలే. కూతుళ్ళు ఒక్కరో ఇద్దరో. ఆస్తిని దాత ఏ పని కోసం రాసిచ్చాడో ఆ దస్తావేజు చూపించమని మా సభ్యులు అడిగితే, 'అది సంఘం అంతర్గత వ్యవహారం' అన్నారు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకి విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుని మేము సమర్థిస్తాం. మతం పేరుతో మిషన్ స్కూళ్ళ మీద దాడికి దిగేవాళ్ళతో గొంతు కలిపే ప్రశ్నే లేదు. అయితే ఆ హక్కు మైనారిటీ మగపెద్దల చేతిలో ఆస్తి హక్కుగా మాత్రమే మిగిలిపోతే, ఆ మైనారిటీలోని పేద ఆడపిల్ల ఎక్కడికి పోవాలి? 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ స్కూళ్ళని విద్యాహక్కు చట్టం నుంచి పూర్తిగా మినహాయించింది. 2025 సెప్టెంబరులో ఇంకో బెంచి ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి పెద్ద ధర్మాసనానికి పంపమంది. ఈ వాదనల్లో ఏ పక్షంవాళ్ళూ బోర్డింగు ఊసెత్తలేదు.

అసలు విద్యాహక్కు చట్టమే ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వరకు. ఎనిమిదో తరగతితో హక్కు అయిపోతుంది. ఆడపిల్లని బడి మాన్పించేది సరిగ్గా అక్కడే. రజస్వల అయ్యాక, ఊళ్ళో బడి అయిపోయాక. హైస్కూలు చదువు హక్కు కాదు, రాత్రి ఉండడానికి చోటు హక్కు కాదు. 'మహిళా సాధికారత' మీద ఉపన్యాసాలకి లోటు లేదు.

ప్రభుత్వ గురుకులాలున్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి. 1980లలో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మిషన్ బోర్డింగు ఎన్నడూ చేరలేనంత మంది ఆడపిల్లల్ని చేరాయి. ఇది మామూలు విషయం కాదు. కస్తూర్బా విద్యాలయాలు మొదట ఎనిమిదితో ఆగేవి. 2018 తర్వాత పన్నెండు దాకా పెంచే వీలు వచ్చింది. కానీ సీటుకి పరీక్షో, జాబితానో ఉంటుంది. తొమ్మిది పూర్తయి పదిలోకి వెళ్ళే పిల్లకి మధ్యలో చోటు దొరకడం కష్టం. పైగా ఈ హాస్టళ్ళ నుంచి మనకి వచ్చే వార్తలేమిటి? పాడైన అన్నం తిని ఆసుపత్రిలో చేరిన పిల్లలు, నీళ్ళు లేని మరుగుదొడ్లు, జ్వరం వచ్చినా ఇంటికి చెప్పని వార్డెన్లు. లైంగిక వేధింపు జరిగితే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సినవాళ్ళే స్కూలు పరువు గురించి ఆలోచిస్తారు. ఈ మౌనం మిషన్ బోర్డింగుల్లో లేదని ఎవరూ అనుకోవద్దు. భక్తి ఉన్నచోట మౌనం ఇంకా బరువుగా ఉంటుంది. రక్షణ అంటే ఆడపిల్లకి తాళం వేయడమని రెండు చోట్లా అనుకుంటున్నారు. అమ్మాయి గేటు దాటకూడదు, లోపలికి ఎవరొస్తున్నారో మాత్రం లెక్క ఉండదు.

కాబట్టి మేమడిగేది పాత బోర్డింగుని యథాతథంగా తెరవమని కాదు. మిషన్ ఆవరణల్లో ఉన్న ఆ గదులు పేద ఆడపిల్లల కోసం కట్టినవి, వాళ్ళ కోసమే వాడాలి. చర్చి నడపలేకపోతే ఖర్చు ప్రభుత్వం పెట్టాలి. పెడితే లెక్క అడిగే అధికారం ప్రభుత్వానికే కాదు, పిల్లల తల్లులకి ఉండాలి. కమిటీలో సగం మంది స్త్రీలు, అందులో ఆ బోర్డింగులోనే చదివినవాళ్ళు ఉండాలి. ఉత్తరాలు విప్పి చదవడం, ఫోను లాక్కోవడం లాంటివి 'క్రమశిక్షణ' పేరుతో తిరిగి రాకూడదు. ఏ మతం పిల్ల అయినా చేరవచ్చు, ఎవరూ ప్రార్థనకి బలవంతపడకూడదు. వలస వెళ్ళే కుటుంబాల పిల్లలకి విద్యా సంవత్సరం మధ్యలో కూడా చోటు ఇవ్వాలి. తొమ్మిది, పది తరగతుల చదువుని హక్కు చేసేటప్పుడు, దానికి మంచాన్ని కూడా జత చేయాలి. మన మిత్రులు కొందరు, ఇది క్రైస్తవ సంస్థల వ్యవహారం కదా, మనమెందుకు అంటున్నారు. దర్గా దగ్గర, దేవదాసి వ్యవస్థ మీద, గుడి ప్రవేశం మీద మాట్లాడినప్పుడు ఈ ప్రశ్న రాలేదు.

ఈ సంచిక ప్రెస్సుకి వెళ్ళేనాటికి ఆ యాజమాన్యం మాకు రాతపూర్వకంగా జవాబివ్వలేదు. జిల్లా విద్యాశాఖాధికారికి, బాలల సంక్షేమ సమితికి వినతిపత్రాలు ఇచ్చాం. బోర్డింగులో ఉండి పదిలోకి వచ్చిన పిల్లలు పదకొండుమంది అని స్కూలు పిల్లలే మాకు లెక్క చెప్పారు. వాళ్ళలో నలుగుర్ని అదే స్కూల్లో పనిచేసి రిటైరైన ఒక టీచరమ్మ తన ఇంట్లో పెట్టుకుంది. ఆమె కూడా బోర్డింగు పిల్లే. ముగ్గురికి గురుకులంలో సీటు కోసం తిరుగుతున్నాం. ఇద్దరు తల్లిదండ్రులతో ఉన్నారు. మిగతా ఇద్దరి జాడ తెలియలేదు. వాళ్ళ పల్లె నుంచి మిరప కోతకి వెళ్ళిన మేస్త్రీ ఫోను నంబరు దొరికింది, రెండుసార్లు చేశాం, ఎత్తలేదు. జూన్ 12న బడులు తెరుస్తారు.